శంకరప్ప ఉంగరపు వేలు

ఆ మంగళవారం పొద్దున శంకరప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. తాండూరులో ఏడున్నర ప్యాసింజరు ఎక్కాలి, వికారాబాద్‌లో దిగాలి, సర్కారు ఆఫీసులో మిషను మీద వేలు పెట్టాలి, మధ్యాహ్నానికి కూతురింట్లో అన్నం తినాలి. ఇందులో తప్పు జరగడానికి సందే లేదని ఆయన నమ్మకం. ఆయన భార్య మైసమ్మకు మాత్రం అంత నమ్మకం లేదు.

"ఏలుకు టోపీ పెట్టుకున్నవా?" అని గడప దగ్గరే అడిగింది.

శంకరప్ప ఎడమ చెయ్యి ఎత్తి చూపించాడు. ఉంగరపు వేలికి పాత ధోవతి గుడ్డతో కుట్టిన చిన్న తొడుగు ఉంది.

"రైలు తలుపు కాడ నిలబడకు. ఎవలన్న చెయ్యి కలిపితె కుడి చెయ్యియ్యి. దోస్తులు కలిసిండ్రని ముచ్చట్ల పడకు."

"నాకెరుక లేదానే? మూడేండ్ల సంది కాపాడుకుంటున్న. ఇయ్యాల ఒక్క పూట కాపాడుకోలేనా?" అన్నాడు శంకరప్ప.

ఈ వేలి సంగతి కొంత చెప్పాలి. శంకరప్పది తాతల నాటి నుంచి గొర్రెలు కాసే ఇల్లు. మధ్యలో గొర్రెలు తగ్గిపోయి, పదేళ్లపాటు తాండూరులో నాపరాళ్లు పాలిష్ చేసే పనికి వెళ్లాడు. రాయి నునుపైంది, రాయితోపాటు వేళ్లూ నునుపయ్యాయి. చేతి గీతలన్నీ అరిగిపోయి, రేషన్ దుకాణంలో మిషను ఆయన్ని గుర్తుపట్టడం మానేసింది. డీలరు పది వేళ్లనూ ఒక్కొక్కటిగా పెట్టించి చూశాడు. చిన్నప్పుడు పొట్టేలు కుమ్మి కొంచెం పైకి వంకరపోయిన ఎడమచేతి ఉంగరపు వేలు ఒక్కటే రాయికి తగలకుండా మిగిలింది. మిషను పచ్చదీపం వెలిగించింది. "శంకరప్పా, నీకు గీ ఏలొక్కటే పనికొస్తది. జర పైలం" అన్నాడు డీలరు.

శంకరప్ప ఆ మాటను అక్షరాలా పట్టుకున్నాడు. వారం తిరక్కుండా రాళ్ల పని మానేసి మళ్లీ గొర్రెలు కొన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో దాని పేరు సర్కారు వేలు. పాలు పితికినా, ఉన్ని కత్తిరించినా ఆ వేలు పైకి లేచి పని చూస్తూ ఉండేది తప్ప పనిలో దిగేది కాదు. కొత్త చుట్టాలు అది తమను ఏదో అంటున్నట్టు ఉందని అనుమానపడేవారు. అంతకంటే పెద్ద త్యాగం ఇంకొకటి ఉంది. రెండు చేతుల నడిమి వేళ్లూ ఉంగరపు వేళ్లూ నోట్లో పెట్టి శంకరప్ప ఈల వేస్తే యాలాల్ దారిలో బస్సులు ఆగేవని చెప్పుకుంటారు. సర్కారు వేలు ఎంగిలి కాకూడదని ఆయన మూడేళ్లుగా ఒంటి చేత్తోనే ఈల వేస్తున్నాడు. ఆయన గొర్రెలు కూడా అప్పట్నుంచి సగమే మాట వింటున్నాయి.

ఇవాళ ఆ వేలితో చాలా అవసరం ఉంది. వికారాబాద్ శివారులో శంకరప్పకు నూట యాభై గజాల జాగా ఉంది. దాన్ని కూతురు నవనీతకు రాసిస్తున్నాడు. గొర్రెల మందులు, టీకాల చదువు చదివిన పిల్ల. అక్కడ మందుల దుకాణం పెట్టాలని రెండేళ్లుగా తిరుగుతోంది. జాగా తన పేరు మీద ఉన్నట్టు కాగితం ఈ సాయంత్రం ఐదింటిలోగా చూపకపోతే లైసెన్సు దరఖాస్తు మురిగిపోతుంది. ఇప్పటికే రిజిస్ట్రేషన్ రెండుసార్లు వాయిదా పడింది. ఒకసారి కరెంటు లేదు, రెండోసారి సాక్షి వేరేవాళ్ల పెళ్లికి వెళ్లిపోయాడు. కొడుకు మల్లేశ్‌కు ఇష్టమే. గొర్రెలను వదిలి రావడం కుదరక ఊళ్లోనే ఉండిపోయాడు. ఇక ఆ ఆఫీసు ఏదన్నది ఇక్కడ రాయడం లేదు. జిల్లాలో అలాంటి ఆఫీసులు ఒకటికి నాలుగున్నాయి, పాఠకులు తమకు నచ్చినదాన్ని అనుకోవచ్చు.

రైల్లో శంకరప్పకు ఎదురుగా అనంతయ్య సారు కూర్చున్నాడు. సర్కారు బడిలో చేతిపనులు నేర్పి రిటైరైన మనిషి. మల్లేశ్‌కు కూడా ఆయనే పంతులు. రిటైరయ్యాక వస్తువులు కనిపెట్టే పనిలో పడ్డాడు, అవన్నీ వేళ్లకు సంబంధించినవే. ఉల్లిగడ్డ కోసేటప్పుడు తెగకుండా వేలికి రేకు తొడుగు చేశాడు. అది మొదటిరోజే కూరలో కలిసిపోయింది. ఎంగిలి అంటకుండా పేజీలు తిప్పడానికి రబ్బరు వేలు చేశాడు. దానితో నాలుగు పేజీలు ఒకేసారి తిరిగేవి. ఇప్పుడు సరికొత్త వస్తువును సంచిలో పెట్టుకుని హైదరాబాద్‌లో కొత్త వస్తువుల ప్రదర్శనకు వెళ్తున్నాడు. పన్నెండింటికి చూసేవాళ్లు వస్తారట.

"గిదేంది సార్?" అన్నాడు శంకరప్ప. అది బెత్తెడు పొడుగున్న పచ్చటి గొట్టం. నాపరాళ్ల కట్టలకు బిగించే ప్లాస్టిక్ పట్టీలను సన్నగా చీల్చి అల్లినది.

"ఏలి జైలు. చిన్నప్పుడు ఈతాకులతోటి అల్లుకునేటోళ్లం గద? గదే, జర గట్టిగ చేసిన. ఇటు నుంచి ఒకలు, అటు నుంచి ఒకలు ఏలు పెట్టాలె. గుంజినకొద్ది బిగుస్తది."

"ఎవలికన్న పెట్టి చూసినవా?"

"బెండకాయలకు పెట్టిన."

"బయటికొచ్చినయా?"

"వచ్చినయ్. ముక్కలు ముక్కలుగ వచ్చినయ్" అన్నాడు అనంతయ్య, కొంచెం గర్వంగానే.

పెట్టెలో ఉన్నవాళ్లంతా మెడలు చాచి చూశారు. వేలు పెట్టమంటే మాత్రం ఎవరికి వాళ్లు కిటికీల వైపు తిరిగారు. పెద్దాయన ముఖం చిన్నబోయింది. శంకరప్పకు జాలేసింది. పాఠం చెప్పిన పంతులు అడిగితే ఒక వేలు ఇవ్వలేమా అనుకున్నాడు. కుడిచేతి చిటికెన వేలు పెట్టాడు. వదులుగా ఉండి జారిపోయింది. బొటనవేలు పట్టలేదు. ఇంకా ఏడు వేళ్లున్నాయి. కానీ ఇంత కష్టపడి చేసిన వస్తువులో ఏదో ఒక మామూలు వేలు పెట్టడం ఆయనకు మర్యాదగా తోచలేదు. తొడుగు తీసి జేబులో పెట్టుకుని, సర్కారు వేలు పెట్టాడు. అటువైపు నుంచి అనంతయ్య చూపుడు వేలు పెట్టాడు. సరిగ్గా అప్పుడే ధారూర్ స్టేషన్ వచ్చింది, రైలు బ్రేకు వేసింది, ఇద్దరూ చెరో వైపు తూలారు.

జైలు పనిచేసింది.

"ఫికర్ చెయ్యకు. బయటికి తీసే ఉపాయమున్నది. రెండు ఏళ్లను ఎదురుబొదురు గట్టిగ నెట్టాలె. అల్లిక వదులయితది. నెట్టు" అన్నాడు అనంతయ్య.

"అమ్మో, నెట్టద్దు సార్! నెడితె ఏలు గీసుకపోతది. గీత పడ్డదంటె మిషన్ నన్ను గుర్తుపట్టది. మెల్లమెల్లగ గుంజుకుంట."

"గుంజితె బిగుస్తదని ఇప్పుడే చెప్పిన గద!"

"నేను మెల్లగనే గుంజుత" అన్నాడు శంకరప్ప.

మెల్లగా గుంజినా అది బిగుసుకుంది. నాపరాళ్లను మోయడానికి తయారైన పట్టీ కాబట్టి ముసలివాళ్ల వేళ్లు దానికొక లెక్క కాదు. అప్పుడు శంకరప్ప కుడిచేత్తో ఫోన్ తీసి ఇంటికి చేశాడు. "మైసమ్మా, నా సర్కారు ఏలు దొరికిపోయిందే. రైల్ల ఒకాయన... ఇడుస్తలేదు... రిజిస్ట్రేషన్ ఎట్లనో ఏందో" అనేసరికి రైలు అడవి మలుపులోకి వెళ్లింది, సిగ్నల్ పోయింది. మళ్లీ చేద్దామంటే చార్జింగ్ కూడా పోయింది.

మైసమ్మ విన్నది విన్నట్టుగా మల్లేశ్‌కు చెప్పాలనుకుంది. కానీ కంగారులో ఉన్న మనిషి విన్నదాంట్లో ఖాళీలను తనే పూరిస్తుంది. "మీ నాయిన ఏలు ఎవడో పట్టుకోని రిజిస్ట్రేషన్‌కు తీస్కపోతున్నడు రా" అంది. మల్లేశ్‌కు పేపర్లలో చదివే జాగాల కబ్జాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మేనమామ బీరప్పకు ఫోన్ చేసి, "నాయినను బెదిరించి ఏలుముద్ర ఏపిస్తున్నరు మామా" అన్నాడు. బీరప్ప వీధిలో నిలబడి, "శంకరప్పను ఎత్తుకపోయిండ్రు!" అని అరిచాడు. పది గంటలకల్లా గొర్రెలను సంతకు తోలుకెళ్లే వ్యాను నిండా ఇరవై ముగ్గురు మనుషులు, ఇరవై ముగ్గురి కర్రలు బయల్దేరాయి.

వికారాబాద్ ప్లాట్‌ఫాం మీద ఈ సంగతులేవీ తెలియక ఇద్దరూ చెయ్యీ చెయ్యీ కలిపి దిగారు. అనంతయ్య దిగాల్సిన ఊరు అది కాదు, కానీ వేలు దిగినప్పుడు మనిషి దిగక తప్పదు. జనం మూగారు. ఇద్దరిలో ఒకరు పోలీసు, ఒకరు దొంగ అన్నదాకా అందరూ ఒప్పుకున్నారు. ఎవరు ఏదన్న దగ్గర రెండు అభిప్రాయాలు వచ్చాయి. జామపండ్లు అమ్మే ఆమె అనంతయ్య వైపు చూసి, "ముసలితనంల గిదేం బుద్ధి?" అంది.

నవనీత ఎదురొచ్చి ముందు తండ్రిని చూసి నవ్వింది. తరువాత వేలు చూసింది.

"నాయినా, గా ఏలేనా?"

"గా ఏలే బిడ్డా."

"తొమ్మిది ఏళ్లుండంగ?"

నవనీత టీ కొట్టులో కత్తెర అడిగింది. శంకరప్ప వేలిని చంకలో దాచుకున్నాడు, దానితోపాటు అనంతయ్య చెయ్యి కూడా చంకలోకి వెళ్లింది. కత్తెర వద్దు, చాకు వద్దు, సర్కారు వేలి దగ్గరికి పదునైన వస్తువేదీ రాకూడదన్నాడు. సబ్బు పూశారు. కొబ్బరినూనె పోశారు. చేతులు జారి పట్టు దొరకడం లేదు తప్ప పట్టీ మాత్రం జారలేదు. పంచరు కొట్టు ఆయన వచ్చి ఇరువైపులా పరిశీలించి, మస్తు పనితనం అని మెచ్చుకుని వెళ్లిపోయాడు. ఆ మాటకు ఆ పూట మొదటిసారిగా అనంతయ్య ముఖం వికసించింది.

"నెడితె వస్తదమ్మా. మీ నాయిన నెట్టనిస్తలేడు" అన్నాడు నవనీతతో.

"నెట్టు నాయినా!"

"గీత పడితె నీ దుకాణం పోతది బిడ్డా" అన్నాడు శంకరప్ప. అది మొండితనం కాదని నవనీతకు తెలుసు. కూతురికి ఇద్దామనుకున్నది తన చేజారిపోతుందేమోనన్న భయం అది. ఆమె ఇద్దర్నీ ఆటో ఎక్కించింది.

ఆఫీసులో ఫోన్లు బయట పెట్టి లోపలికి వెళ్లారు. అందువల్ల వ్యాను ఎక్కాక గుర్తొచ్చి మల్లేశ్ చెల్లెలికి చేసిన పద్నాలుగు ఫోన్లూ బయట బల్ల మీదే మోగాయి. పదకొండున్నరకు పిలుపొచ్చింది. అధికారి సారు ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషి. దానపత్రం చూసి, నియమం ప్రకారం అడిగాడు.

"ఈ జాగా మీ ఇష్టప్రకారమే ఇస్తున్నారా? ఎవరి బలవంతం లేదు కదా?"

"ఎవల బలవంతం లేదు సార్."

అధికారి కళ్లజోడు సరిచేసుకుని కిందికి చూశాడు. "ఈయన ఎవరు?"

"పంతులు సారు."

"మీకేమవుతారు?"

"ఏం కాడు సార్. రైల్ల కలిసిండు."

"మరి మీ వేలు ఎందుకు పట్టుకున్నాడు?"

"ఆయన పట్టుకోలే సార్. నేను పట్టుకోలే. గదే పట్టుకున్నది" అన్నాడు శంకరప్ప.

అనంతయ్య తన వస్తువు పనిచేసే విధానం వివరించబోయాడు. అధికారి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన తన సర్వీసులో దొంగ సంతకాలు చూశాడు, చనిపోయిన మనిషి పేరుతో వచ్చినవాళ్లను చూశాడు. దాతను వేలికి కట్టి తీసుకొచ్చినవాళ్లను మాత్రం చూడలేదు. "దాత స్వేచ్ఛగా ఉన్నట్టు కనబడటం లేదు" అని పక్క కాగితం మీద రాసుకున్నాడు. "ఒంటిగంట లోపల ఎవరికి వారు విడివిడిగా వస్తే చూస్తాను. తరువాత ఈ స్లాటు ఉండదు."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నారు. పన్నెండు దాటాక గేటు దగ్గర వ్యాను ఆగింది. బీరప్ప అందరికంటే ముందు దూకాడు. బావ వేలును పట్టుకుని కూర్చున్న మనిషి కళ్లెదుటే ఉన్నాడు. ఇంక అడగడానికి ఏముంది? "గుంజుండ్రి!" అని అరుస్తూ శంకరప్ప నడుం పట్టుకున్నాడు. బీరప్ప నడుం ఇంకొకరు, ఆయన నడుం ఇంకొకరు పట్టుకున్నారు. మల్లేశ్‌కు తన పాత పంతులు కనిపించాడు. "నమస్తే సార్" అన్నాడు. చెయ్యి మాత్రం వదలకుండా గుంజుతూనే ఉన్నాడు.

రిటైరైన పంతులు మీద జనం పడ్డారనుకుని దస్తావేజులు రాసేవాళ్లు, అటెండరు, పని మీద వచ్చిన పదిమందీ పరుగెత్తి అనంతయ్యను అటువైపు గుంజారు. నవనీత మధ్యలో నిలబడి, "గుంజకుండ్రి! గుంజితె బిగుస్తది!" అని అరిచింది. బిగుస్తుందనే మాటను ఎవరికి వాళ్లు తమకు అనుకూలంగా తీసుకుని ఇంకా గట్టిగా గుంజారు. కర్రలు పైకి లేచాయి. ఆఫీసు కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

శంకరప్పకు మూడేళ్లుగా మనసులో ఉన్నది ఒకే ఒక్క వేలు. కానీ అరవై ఏళ్లుగా ఒంట్లో ఉన్నది గొర్రెల కాపరి. మంద చెదిరి కొట్టుకుంటుంటే ఏం చెయ్యాలో ఒంటికి తెలుసు. ఆయన ఆలోచించకుండా రెండు చేతులూ నోటి దగ్గరికి తెచ్చాడు. ఎడమ చేతితోపాటు అనంతయ్య చెయ్యి కూడా లేచింది. అనంతయ్య పిడికిలి వచ్చి శంకరప్ప మీసాలకు తగిలి ఆగిపోయింది. వెనక నుంచి శంకరప్ప వేలు ఆగకుండా నెట్టుకొచ్చింది. రెండు వేళ్లూ గొట్టంలో ఎదురుబొదురుగా గుద్దుకున్నాయి. అల్లిక ఒళ్లు విరుచుకుని వదులైంది. సర్కారు వేలు బయటికొచ్చి, మిగిలిన మూడు వేళ్లతో కలిసి నోట్లోకి వెళ్లింది.

ఈల మోగింది. మూడేళ్ల తరువాత వేసిన నిండు ఈల అది. ఇరవై ముగ్గురూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. బీరప్ప కర్ర దించాడు. ఆఫీసు వెనక గడ్డి మేస్తున్న ఎవరివో ఆరు మేకలు కూడా నడిచొచ్చి మెట్ల ముందు వరుసగా నిలుచున్నాయి.

"వచ్చింది!" అన్నాడు అనంతయ్య, గొట్టాన్ని చూసుకుంటూ. "నెడితె వస్తదని చెప్పిన గద."

మల్లేశ్‌కు, బీరప్పకు విషయం చెప్పడానికి సమయం లేదు. ఒంటిగంటకు పావు తక్కువైంది. నవనీత తండ్రిని లోపలికి పరుగెత్తించింది. దారిలోనే తన కొంగుతో ఆ వేలు మీది నూనె, ఎంగిలి తుడిచింది. మిషను దగ్గర శ్రేయ అనే అమ్మాయి కూర్చుంది. శంకరప్ప దేవుడికి దండం పెట్టి వేలు పెట్టాడు. ఎర్రదీపం వచ్చింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎర్రదీపమే.

"ఏలు వాచింది పెద్దనాయినా. పైన గళ్లు గళ్లుగ అచ్చు పడ్డది, చూడు" అంది శ్రేయ.

శంకరప్ప చూసుకున్నాడు. మూడేళ్లు గుడ్డలో చుట్టి దాచుకున్న వేలు చాపలా కనిపించింది. నవనీత బల్ల మీద కూలబడి ముఖం పక్కకు తిప్పుకుంది. కూతురు ఏడుస్తోందని ఆయనకు వీపు చూస్తేనే తెలిసింది. తన తెలివితక్కువతనానికి తనను తానే తిట్టుకున్నాడు.

"వేరే ఏలు పెట్టరాదు?" అంది శ్రేయ.

"నాకు వేరేయి పనికిరావు బిడ్డా. రాళ్లపనిల అరిగిపోయినయ్."

"ఎవలు చెప్పిండ్రు?"

"రేషన్ డీలర్ చెప్పిండు. మూడేండ్ల కింద."

"గా పని ఇప్పుడు చేస్తున్నవా?"

"మూడేండ్లాయె ఇడిసిపెట్టి. గొర్లు కాస్తున్న."

"అయితే ఒకసారి పెట్టు" అంది శ్రేయ.

అడిగింది కాబట్టి కాదనలేక కుడి బొటనవేలు పెట్టాడు. పచ్చదీపం వెలిగింది. ఏదో పొరపాటనుకుని చూపుడు వేలు పెట్టాడు. పచ్చదీపం. శ్రేయకు కూడా ఉత్సాహం వచ్చి వరుసగా పెట్టించింది. తొమ్మిదికి తొమ్మిదీ పచ్చదీపాలే. రాయి మానేసిన చేతికి తోలు తిరిగొచ్చింది, తోలుతోపాటు గీతలూ వచ్చాయి. అవి వచ్చి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు. మూడేళ్లలో వాటినెవరూ అడగలేదు.

నవనీత లేచొచ్చి తండ్రి రెండు చేతులూ పట్టుకుని ఏడుస్తూనే నవ్వింది. ఒంటిగంటకు నాలుగు నిమిషాలు ఉండగా జాగా ఆమె పేరు మీదికి వెళ్లింది. సాయంత్రం ఐదులోపల కాగితం చేరాల్సిన చోటికి చేరింది. శంకరప్పకు పట్టరాని సంతోషం వేసింది. అదే సమయంలో ఎడమచేతి ఉంగరపు వేలును చూస్తే కొంచెం బెంగగా కూడా అనిపించింది. ఇన్నాళ్ల గొప్పంతా పోయి అది పదింట్లో ఒకటైపోయింది. కూతురి ఫోన్ తీసుకుని ఇంటికి చేస్తే మైసమ్మ ఒకే మాట అడిగింది.

"ఏలు మంచిగున్నదా?"

"అన్ని ఏళ్లు మంచిగనే ఉన్నయట" అన్నాడు శంకరప్ప, అదేదో చెడు కబురు చెబుతున్నట్టు.

అనంతయ్యకు ప్రదర్శన తప్పిపోయింది. మల్లేశ్, బీరప్ప కాళ్లు మొక్కి, వ్యానులో తాండూరుకు తీసుకెళ్తామన్నారు. దారి పొడుగునా ఇరవై ముగ్గురూ ఆ గొట్టం ఎట్లా అల్లావని అడుగుతుంటే ఆయనకు ప్రదర్శన తప్పిన బాధ కూడా తప్పింది. గొట్టం మాత్రం ఆయన దగ్గర లేదు. గొడవకు కారణమైన వస్తువు అంటూ అధికారి సారు దాన్ని తీసి తన బల్ల మీద పెట్టుకున్నాడు.

రెండున్నరకు భోజనం ముగించుకుని సారు గదిలో ఒంటరిగా కూర్చున్నాడు. ఎదురుగా పచ్చటి గొట్టం ఉంది. చూస్తే ఏమీ లేదు, పిల్లలాట వస్తువు. ఇంత చిన్నదానికి అంతమంది కొట్టుకోవడం ఏమిటనుకున్నాడు. ఒకవైపు కుడి చూపుడు వేలు పెట్టి చూశాడు. రెండోవైపు ఖాళీగా ఉంది కాబట్టి ఎడమ చూపుడు వేలు పెట్టాడు. తరువాత గుంజాడు.

సారు వేలు పెడితే తప్ప ఆ ఆఫీసులో ఏ కాగితమూ కదలదు. ఎవరినైనా పిలుద్దామంటే ఇరవై ఏళ్ల సర్వీసు అడ్డొచ్చింది. తలుపు లోపల్నుంచి కాలితో మూసుకున్నాడు. ఆ సాయంత్రం జరగాల్సిన మిగతా పదకొండు రిజిస్ట్రేషన్లూ మర్నాటికి వాయిదా పడ్డాయి. కారణం అడిగినవాళ్లకు తలుపు సందులోంచి ఒకే జవాబు వచ్చింది, సర్వర్ పనిచేయడం లేదని.